మూడో తరగతిలో నా నవ్వు

పటాన్‌చెరు దగ్గర ఒక సర్కారు బడిలో తెలుగు చెప్పేదాన్ని. చిన్న తరగతుల టీచరు సెలవు పెడితే, పెద్ద పిల్లల్లో ఒకరిని ఆ గదికి పంపేవాళ్లం. తొమ్మిదో తరగతి మంజుల ప్రతిసారీ, "నేను పోత టీచర్" అని లేచేది. పాఠం తప్పించుకోవడానికేమో అనుకునేదాన్ని.

ఒకరోజు చప్పుడు చేయకుండా మూడో తరగతి గుమ్మంలో నిలబడ్డాను. ఒక చిన్నపిల్ల ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుతోంది. మంజుల ఆ మాటనే మెల్లగా తిరిగి పలుకుతోంది.

"ఏం చేస్తున్నరే?" అన్నాను.

చిన్నపిల్ల సంబరంగా చెప్పింది. "అక్కకు సదువుడు రాదు టీచర్. నేనే నేర్పిస్తున్న. ఎవలకు చెప్పొద్దన్నది."

గట్టిగా నవ్వేశాను. గదంతా నాతోపాటు నవ్వింది. మంజుల పుస్తకం మూసి, నన్ను దాటుకుని వెళ్లిపోయింది. రెండేళ్లుగా ఆమెకు పాఠం చెబుతున్నది నేనేనని అప్పుడు గుర్తుకొచ్చింది.

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. వారం తర్వాత ఇంటికి వెళ్తే, వాళ్లమ్మ గుమ్మంలోనే అడిగింది. "సంచి సుత ముట్టుకుంటలేదు టీచర్. ఏమైందే అంటే చెప్తలేదు. మీకేమన్న ఎర్కనా?"

లోపల తలుపు చాటున మంజుల కాళ్లు కనబడుతున్నాయి.

"నాకేం తెలియదమ్మా" అన్నాను.

మంజుల మళ్లీ బడికి రాలేదు. ఇప్పటికీ కంపెనీ బస్సుల్లోంచి పనికి పోయే ఆడపిల్లలు దిగుతుంటే, వాళ్లలో ఆమె ఉంటుందేమోనని తల దించుకుంటాను.