సీలు వేసిన కవరు

ఉదయం పది నలభైకి మా ఆఫీసు ఫోను మోగింది. చిత్తూరులో ఆ ఆఫీసులో నేను టైపిస్టును. ఫోను ఎత్తడానికి నాకు అనుమతి ఉంది. చేయడానికి లేదు.

తిరుపతి ఆసుపత్రి నుంచి చిన్నాయన. "మీ నాయన పెద్దోణ్ణి అడగతా ఉండాడు. సాయంత్రం దాకా ఉంటాడని కూడా చెప్పలేమంటాడు డాక్టరు. పలమనేరుకు కబురు చెయ్యి. ఆ నంబరు నా దగ్గర లేదు."

లైను తెగిపోయింది. నాయనా అన్నా ఏడాదిగా మాట్లాడుకోవడం లేదు. ఇప్పుడు నాయనే అడుగుతున్నాడు. అన్న పనిచేసే పాలకేంద్రం నంబరు నా జేబులో ఉంది.

ఫోను డయల్‌కు చిన్న తాళం. వేరే ఊరికి ట్రంకు కాల్ బుక్ చేయాలన్నా డయల్ తిప్పాలి. తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు మదనపల్లె క్యాంపులో. ఎవరు ఫోనుతో ఏం చేయవచ్చో మాకొక ఉత్తర్వు ఉండేది. మేనేజరు ఎక్కడికైనా మాట్లాడవచ్చు. హెడ్‌క్లర్కు ఊళ్లోకి మాత్రమే, అదీ మేనేజరు తాళం తీసి ఇస్తే. మిగతావాళ్లం వచ్చింది విని రాసుకోవాలి. రెండో తాళంచెవి బీరువాలో, లక్కసీలు వేసిన కవరులో ఉండేది. మేనేజరు సంతకం చేసిన చీటీ లేనిదే దాన్ని తెరవకూడదు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేను. సీలు వేసిందీ నేనే.

నాయన సంగతి చెబితే హెడ్‌క్లర్కు కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"సంతకం యాడప్పా?"

"సారు మదనపల్లెలో ఉండారు కదా."

"అయితే ఫోను చేసి అడుగు."

పక్క సీటు గుమాస్తా తలెత్తాడు. "తాళం తీస్తే కదన్నా అడిగేది."

హెడ్‌క్లర్కు నవ్వలేదు. "రిటైరయ్యేదానికి ఎనిమిది నెలలుండాది నాకు. నా చేత్తో పగలగొట్టనబ్బా. నువ్వు పగలగొడితే నేను సూళ్లేదంటా." కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

కవరు చేతిలోకి తీసుకున్నాను. కాసేపు పట్టుకుని తిరిగి పెట్టేశాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఉద్యోగం పోయేంత నేరం కాదది. ఒక మెమో ఇచ్చేవాళ్లు, అంతే.

సైకిలు మీద పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి ట్రంకు కాల్ బుక్ చేశాను. రెండుసార్లు లైను దొరకలేదన్నారు. పలమనేరు కలిసేసరికి ఒంటిగంట దాటింది. అన్న వెంటనే బస్సెక్కాడు. చిత్తూరు బస్టాండులో నేనూ ఆయనతో కలిశాను.

"కబురెప్పుడొచ్చింది?"

"పదిన్నర దాటినాక."

"ఆఫీసులో ఫోను పెట్టుకోని పోస్టాఫీసుకు పోయినావా?"

తాళం సంగతి చెప్పాను. కవరు సంగతి కూడా చెప్పాను. బస్సు చంద్రగిరి దాటాక అన్న నా వైపు తిరిగాడు.

"పగలగొట్టి, తర్వాత మీ సారు కాళ్లు పట్టుకోవాల్సింది రా," అన్నాడు.

మేము ఆసుపత్రి చేరేసరికి ఐదు. నాయన నాలుగింటికి పోయాడు. మధ్యాహ్నమంతా పెద్దోడు వచ్చినాడా అని అడుగుతూనే ఉన్నాడట.

కర్మలయ్యాక ఆఫీసుకు వెళితే మేనేజరు నిజంగానే బాధపడ్డాడు. "తెరవాల్సింది కదయ్యా. ఇట్లాంటి వాటికే కదా ఆ కవరు," అన్నాడు. అలాగైతే ఆ మాట ఉత్తర్వులో ఎందుకు లేదని నేను అడగలేదు. టైపు చేసేటప్పుడూ అడగలేదు.

మొదటి సంవత్సరీకం ఇద్దరం కలిసే పెట్టాం. మరుసటి ఏడు అన్న నాకు కబురు చేయలేదు. అప్పటినుంచి నాయన తిథి ఆయన పలమనేరులో పెడతాడు, నేను ఇక్కడ పెడతాను. కలిసి పెట్టడం లేదు.