మెట్టెలకు చోటున్న బూట్లు

మా డాన్సు అయివారు ఇక లేరు. రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున్నే ఆస్పత్రి మెట్లు దిగుతుంటే మా ఆయన ఫోన్ చేసి, "అయివారు పోయినారంట. నిద్రలోనే" అన్నాడు. ఇంటికి పోకుండా అక్కడి బెంచీ మీదే కూర్చున్నాను.

తిరుపతిలో బాల్‌రూమ్ డాన్సు నేర్పేవాళ్లున్నారంటే మీరు నమ్మరు. మేమూ నమ్మలేదు. ఆయనది కార్వేటినగరం. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ జంట ఆట నేర్చుకుని, రిటైరయ్యాక ఇక్కడ ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద ఆదివారం సాయంత్రాలు నేర్పేవారు. నర్సుగా పనిచేసే నాకు, లాడ్జీలో పనిచేసే మా ఆయనకు వారంలో కలిసి దొరికే గంట అదొక్కటే.

మొదటి రోజు మేమంతా సంచుల్లో తెచ్చుకున్న కొత్త బూట్లను గుమ్మం బయటే వదిలేసి, నేలకు దండం పెట్టుకుని, వట్టికాళ్లతో లోపలికి వెళ్లాం. ఆడే చోటికి చెప్పులతో ఎట్లా వెళ్తాం మరి? ఆయన బయటికి వెళ్లి మా బూట్లన్నీ రెండు చేతులా ఏరుకొచ్చారు. ఆడవాళ్లం సిగ్గుతో చచ్చిపోయాం.

"అయ్యో, మా చెప్పులు మీరు పట్టుకునేదేంది అయివారూ!"

"వీధి మొకం సూడని బూట్లకు మైలేందమ్మా? దండం పెట్టుకున్నారు కదా, ఇంక తొడుక్కోండి" అని నవ్వారు.

బూట్లు ఎంచడంలో ఆయన చాదస్తం అంతా ఇంతా కాదు. పొద్దున పూట కొనకూడదు; సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి, అప్పుడే తొడిగి చూడాలి. రబ్బరు అడుగు నేలను పట్టేస్తుంది, తిరగబోతే మోకాలు మెలిక పడుతుంది. మెత్తటి తోలు అడుగే కావాలి. "బూటు కాలిని పట్టుకోవాల. కాలు బూటును పట్టుకోకూడదు" అనేవారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎక్కడ ఒత్తుడు, ఎక్కడ వదులు అని ఒక్కో వేలి గురించీ అడిగారు. రోజంతా నిలబడే నా కాళ్ల గురించి అంతసేపు అడిగిన మనిషి మరొకరు లేరు.

మెట్టెల దగ్గరే పేచీ వచ్చేది. వేళ్లు మూసే బూటులో మెట్టె పక్కవేలిని కోస్తుంది. "తీసేయాల్నా?" అని ఒకావిడ భయంగా అడిగితే, "తీసే మాటే వద్దు తల్లీ. మెట్టెకు చోటుండే బూటు ఎతుకుదాం" అన్నారు. వెతికారు కూడా. అందరికీ దొరికాయి, ఆయన భార్యకు తప్ప.

మేమంతా అమ్మా అని పిలిచే ఆమెవి వెడల్పు పాదాలు, లావుపాటి వెండి మెట్టెలు. వేళ్లు బయటికి కనిపించే బూట్లు తెస్తే, మొదటి రోజే ఆయనే తొక్కి రక్తం తెప్పించారట. "మీ ఆటా వద్దు, మీరూ వద్దు సామీ" అని ఆమె గోడ పక్క కుర్చీకి అతుక్కుపోయింది. "ఊరందరికీ నేర్పిస్తి, ఇంట్లో మనిషితో ఒక్క పాటకు ఆడలేకపోతి" అని ఆయన మాతో వాపోయేవారు. ఆయనకున్న కోరిక అదొక్కటే. చిత్తూరులో అడిగారు, చెన్నైలో అడిగారు, బెంగళూరు నుంచి తెప్పించారు. ప్రతిసారీ ఆమె తొడుక్కుని చూసి, "ఒత్తుతా ఉండాయి" అని విప్పేసేది. ఆయన పెట్టె మూసేవారు. చివరి జత ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందే వచ్చింది. అదీ ఒత్తింది.

కర్మలన్నీ అయిపోయాక ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అమ్మ లేచి ఆ చివరి పెట్టె తెచ్చి, కుర్చీలో కూర్చుని కాళ్లు చాపింది. వేళ్లకు మెట్టెలు లేవు. అవి ఉన్నచోట తెల్లటి గీతలున్నాయి. బూట్లు తొడిగి పట్టీలు బిగించాను. పాదాలు సులువుగా దూరాయి.

"సరిపోయినాయి మ్మా" అంది. "ఇప్పుడు సరిపోయి ఏం లాభం? ఆ మనిషి యాడుండాడో."

ఆమె లేచి నిలబడబోయి తూలింది, నన్ను పట్టుకుంది. ఇన్నేళ్లు గోడ పక్క నుంచి చూసినందుకేమో, ఆటలో ఆడవాళ్లు పట్టుకున్నట్టే ఎడమ చెయ్యి సరిగ్గా నా భుజం మీదికి, కుడి చెయ్యి నా అరచేతిలోకి వచ్చాయి.

"నడిపిస్తావా మ్మా?" అంది.

ఈ ఆటలో నడిపించేది మగవాడు. అయివారు నాకు నేర్పినవి వెనక్కి వేసే ఆడవాళ్ల అడుగులే. ఇద్దరం ఆ గది మధ్యలో అట్లాగే, చేతులు వదలకుండా నిలబడిపోయాం.