పెంకులు సర్దించని ఏడు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా సరిహద్దు ఊరు సిరొంచలో నేను మొదటి ఇల్లు కొన్నాను. ఉండడానికి కాదు, కిరాయికి ఇవ్వడానికి. నాగపూర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చే ఉద్యోగులు గదుల కోసం బడికి వచ్చి మరీ మమ్మల్ని అడిగేవారు. బడిపంతులు జీతం ఇల్లు గడవడానికే సరి, ఇంకో ఇల్లుంటే ముసలితనంలో అదే కూడు పెడుతుందని నా ఆలోచన. ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్లి చేసి చూడమన్నారు గాని, కిరాయికిచ్చి చూడమని పెద్దలెవరూ అనలేదు. అని ఉంటే నా సంగతి నాకు ముందే తెలిసేది.

ఆ ఇంట్లో అప్పటికే ఒక దర్జీ చాచా, ఆయన భార్య ఉంటున్నారు. ముందు గదిలో కుట్టుమిషన్, వెనక గదిలో సంసారం, ఎప్పటిదో చిన్న కిరాయి. నా పెళ్లి చొక్కా కుట్టింది ఆయనే. ఇల్లు అమ్మినాయన "అడిగితె లేస్తరు గురూజీ, మంచోళ్లు" అన్నాడు. ఆ అడగడమే నా వల్ల కాలేదు. ఊరు చిన్నది, ముసలివాళ్లను వెళ్లగొట్టాడన్న మాట పడాలి. కర్ర విరగకుండా పాము చావాలనుకున్నాను. ఆ సామెతలో పాముగా ఎవరిని పెట్టానో అప్పుడు తలకెక్కలేదు.

మా దగ్గర గూనపెంకుల ఇళ్లకు ఏటా మిరుగం కార్తె వానలు రాకముందే పెంకులు సర్దించాలి. కోతులు గెంతి, గాలికి జారి సందులు పడతాయి. పనివాళ్లు పైకెక్కి పగిలినవి తీసి, కొత్తవి పెట్టి దిగుతారు. అది ఇంటి యజమాని పని. ఆ ఏడు మా ఇంటికి సర్దించాను. చాచా ఉన్న ఇంటికి సర్దించలేదు.

మా ఆవిడ కనిపెట్టింది.

"పనోళ్లు ఊర్లనే ఉన్నరు గద, చాచా ఇల్లెందుకు విడిచిపెట్టిండ్రు?"

"చూస్త" అన్నాను. ఆమె అన్నం వడ్డించి, పక్కింటికి వెళ్లి కూర్చుంది.

మొదటి వానకే చాచా వచ్చాడు. "గురూజీ, జర మనిషిని పంపుండ్రి. నీళ్లు మిషన్ మీదనే పడుతున్నయి."

"పనోళ్లు దొరుకుతలేరు చాచా."

"అయితె నిచ్చెన ఇయ్యుండ్రి, నేనే ఎక్కి సదురుకుంట."

"ఈ వయసుల ఎక్కుడేంది? కాలు జారితె జిమ్మెదారి ఎవలిది?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను తన మేలు కోరుతున్నానని.

ఆ వానల్లో ఎవరి పెళ్లిబట్టలకో మరకలు పడ్డాయి. గిరాకీ తగ్గింది. చాచీకి దగ్గు పట్టుకుంది. ఎడ్లకు చేసే పొలాల పండుగ దాటాక, మిషన్‌ను బస్సు మీదికెక్కించుకుని కూతురు ఉండే అహేరికి వెళ్లిపోయారు. తాళంచెవి ఇచ్చేముందు చాచీ ఇల్లంతా ఊడ్చి కడిగింది. దసరా దాటగానే నేను పెంకులు తీయించి స్లాబు వేయించాను. కిరాయి బాగానే వచ్చింది. తర్వాత మరో ఇల్లు కూడా కొన్నాను. నష్టపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

రెండేళ్లకు మీటింగు ఉండి అహేరి వెళ్లాను. బస్టాండు దగ్గర ఒక బట్టల దుకాణం అరుగు మీద చాచా మిషన్ తొక్కుతున్నాడు. నన్ను చూసి లేచి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. చాచీ ఎట్లున్నదని అడిగితే, పోయి ఏడాదైందన్నాడు. తర్వాత దుకాణదారుతో నా గురించి చెప్పాడు.

"మా సిరొంచ ఇంటి మాలిక్. ఇసొంటి మనిషి దొరకడు. ఒక్కనాడు ఖాళీ చెయ్యమని నోటితోని అనలే. మేమే పరేషానై వచ్చేస్తిమి."

వెక్కిరింపేమోనని ఆయన మొహంలోకి చూశాను. కాదు. నిజం చెబుదామని నోరు తెరిచాను. బస్సు టైమైంది చాచా అని లేచాను. సిరొంచ బస్సుకు ఇంకా గంట ఉంది.