కొడుకు సగం చెక్కిన మెట్టు

బక్కయ్య ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. కాకినాడ పాత జెట్టీ చివర, మెట్లు నీళ్లలోకి దిగే చోట గొంతుక్కూర్చున్నాడు. ముందున్నది కారంపూడి నుంచి వచ్చిన నాపబండ. దాని మీద సగం పని కొడుకు నాగేంద్రబాబుది. కిందటేడు మెట్ల మరమ్మతుకు ముఠాతో వచ్చి, ఈ రాయే చెక్కుతూ, చేతులు కడుక్కోవడానికని కింది మెట్టు మీదికి దిగాడు. పాచి మీద కాలు జారి, తల పగిలి పోయాడు.

రాళ్లు కొట్టే ఆ ఇళ్లలో ఒక కట్టుబాటుంది. పోయిన మనిషి సగంలో వదిలిన రాయిని ఆ ఇంటి చెయ్యే ముగించాలి. అందుకే ముఠావాళ్లు ఈ బండకు గోనెపట్టా కప్పి, ఆ ఒక్క మెట్టూ ఖాళీగా ఉంచారు. ఏడాది తిరగకముందే బక్కయ్య వచ్చాడు. భర్త పోయిన చోటు చూస్తానని కోడలు శ్రీదుర్గ కూడా వచ్చింది.

మెట్టు మీద పడిన నీళ్లు జారిపోవాలంటే ఏటవాలుగా గాట్లు పెట్టాలి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బక్కయ్య తన సగం నిండు లోతున ముగించాడు. సూపర్‌వైజర్ ప్రవీణ్ కుమార్ వచ్చి బకెట్టుతో నీళ్లు పోశాడు. నీళ్లు రెండు పక్కల నుంచీ వచ్చి నడిమధ్య నిలబడ్డాయి.

నాగేంద్రబాబుది ఎడమచేతి వాటం. వాడి గాట్లు అటు వాలితే తండ్రివి ఇటు వాలాయి. ఒకరి బండ ఇంకొకరు ముట్టని ఇల్లు కావడంతో ఆ తేడా ఏనాడూ ఎదురుపడలేదు. ఏడాది మట్టి పట్టిన వాడి గాట్ల వాలు నీళ్లు పోసేదాకా బక్కయ్య కంటికి ఆనలేదు.

ఎవరూ పట్టించుకోరులే, దించేద్దామన్నాడు ప్రవీణ్ కుమార్. బక్కయ్య రెండు వైపుల గాట్లనూ వేలితో తడిమి చూశాడు. వాలు మార్చడానికి తన గాట్లను ఇంకా తవ్వితే బండ అంచు పలచనై విరుగుతుంది. కొడుకువి ఇంకా పైపై గాట్లే. చెరపవలసింది వాటినే.

శ్రీదుర్గ వాటి మీద అరచెయ్యి పరిచింది.

"ఆయన చేతివి ఇయ్యే మిగిలినయ్ మామా. ఉంచరాదా?"

"ఉంచితే నీళ్లు నిలుస్తయ్. పాచి పడుద్ది."

"పడవలోళ్లు చూసుకుని దిగుతార్లే."

"వాడు కళ్లు మూసుకుని దిగాడా ఏంది? చెయ్యి తియ్యమ్మా."

ఆమె చానాసేపు తియ్యలేదు. ఆయన సుత్తి పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. చివరకు తీసింది. కొడుకు పెట్టిన గాట్లను బక్కయ్య ఒక్కొక్కటే పొడి చేసి, అదే చోట తన వాలున కొత్తవి తవ్వాడు.

మళ్లీ పోసిన నీళ్లు ఒకే పక్కకు సాగి సముద్రంలో పడ్డాయి. ముఠావాళ్లు గడ్డపలుగులతో బండను జరిపి సిమెంటు మీద కూర్చోబెట్టారు. బక్కయ్య రసమట్టం పెట్టి చూసి, ఒక మూల రెండు దెబ్బలు వేశాడు. సిమెంటు బిగిసేదాకా ఎవర్నీ తొక్కనీయొద్దని చెప్పి, మెట్టును ప్రవీణ్ కుమార్‌కు అప్పగించాడు.