రిలీఫ్ వచ్చే దాకా

బిలాస్‌పూర్ పక్క లాల్‌ఖదాన్‌లో, తెలుగువాళ్ల క్రైస్తవ సంఘంలో ఉజ్జీవం వచ్చి భక్తి పొంగిన ఆ వారమంతా ఏ ఇంట చూసినా పాటలే. రెండేళ్ల కిందటి మాట. ఎవరో బోధకుడు మూడు సాయంత్రాలు మైకులో చెప్పి వెళ్లాడు. తాగేవాళ్లు సీసాలు పారేశారు, మాటల్లేని తోడికోడళ్లు కావలించుకుని ఏడ్చారు. ఆ వేడి ఆర్నెల్లకు మించి నిలవడం అక్కడెవరూ చూసి ఎరగరు. ఈసారి నిలిచింది. సంఘం పుస్తకంలో బోధకుడి పేరు పెద్దక్షరాలతో రాశారు. నిలిపిన అప్పయమ్మ పేరు ఎక్కడా లేదు.

అప్పయమ్మ బిలాస్‌పూర్ పిట్ లైనులో రైలు పెట్టెలు కడుగుతుంది. పార్వతీపురం వైపు నుంచి అమ్మమ్మ కాలంలో వచ్చిన కుటుంబం. మూడు తరాలుగా చేతిలో చీపురే. చదువు రాదు. తనకు తెలిసినవి డ్యూటీ నియమాలే కనక, ఆ వేడి చల్లారకుండా తను మొదలెట్టిన ప్రార్థన గొలుసుకూ వాటినే పెట్టింది. తెల్లవారి ఐదు నుంచి ఎనిమిది దాకా ఆమె క్వార్టర్ ముందుగదిలో చాప ఖాళీగా ఉండకూడదు. మనిషికి అరగంట. రిలీఫ్, అంటే తర్వాతి మనిషి, వచ్చే దాకా లేవకూడదు. లేచేముందు చార్జ్ అప్పగించాలి, అంటే ఎవరెవరి కోసం దేవుణ్ణి అడుగుతున్నారో వచ్చినవాళ్లకి చెప్పాలి. పాత క్యాలెండర్ వెనకవైపు చార్టు గీసి గోడకు కొట్టింది. పేర్లు రాయడం రాదు కనక బొమ్మలు వేసింది. చేపలమ్మే కనకానికి చేప, జాకెట్లు కుట్టే ఉషారాణికి కత్తెర, తాగుడు మానిన అప్పలస్వామికి బోర్లించిన సీసా. బొమ్మ మార్చమని అతను ఎంత బతిమాలినా వినలేదు.

సంఘపెద్ద వేణుగోపాల్ గారు రిటైరైన రైలు గార్డు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరిదీ ఒకే రొట్టె అంటాడు. సఫాయివాళ్ల లైనులో ఉన్న అప్పయమ్మ గడప మాత్రం ఈ రెండేళ్లలో ఒక్కసారీ తొక్కలేదు. దీన్ని కులం అంటారని ఆయన మొహాన చెప్పినవాళ్లూ లేరు. చెప్పవలసింది. జనం తగ్గారు, ఇక ఆదివారం కూడిక చాలని ఆయన చాలారోజులుగా అంటున్నాడు. చివరికి అందరి ముందూ తేల్చేశాడు. సోమవారం తనే వచ్చి చూస్తాడు. చాప మీద మనిషి లేకపోతే గొలుసు ఆపెయ్యాలి. అప్పయమ్మ సరేనంది.

సోమవారం తెల్లారకముందే వాన అందుకుంది. ఆరున్నరకి అప్పయమ్మ చాప మీద కూర్చుంది. ఏడింటికి ఉషారాణి రావాలి. నాలా పొంగి సందంతా మునిగింది. ఏడూ పది అయింది, ఏడూ ఇరవై అయింది, ఉషారాణి జాడ లేదు. ఎనిమిదికి పిట్ లైనులో లేకపోతే గైర్హాజరు పడుతుంది. మోకాళ్లు సలుపుతున్నాయి. లేస్తే చాప ఖాళీ. రెండేళ్ల గొలుసు తన చేతుల మీదే తెగుతుంది. అప్పయమ్మ లేవలేదు.

గుమ్మంలో నీళ్లోడుతున్న అడుగుల చప్పుడైంది. ఆమె కళ్లు తెరవకుండానే అడిగింది.

"రిలీఫ్ వచ్చినారేటి?"

అక్కడ నిలబడ్డది వేణుగోపాల్ గారు. రిలీఫ్ రాక ఒకసారి గూడ్సు చివరి బ్రేకువ్యాన్‌లో పంతొమ్మిది గంటలు కూర్చున్న కథ సంఘంలో ప్రతివాడికీ పదిసార్లు చెప్పిన మనిషి. ఆ మాట విన్నాక వెనక్కి తిరగడం ఆయన వల్ల కాలేదు. గొడుగు మూసి గోడకు ఆనించాడు. చెప్పులు విడిచాడు. గడప దాటాడు.

"వచ్చేనమ్మా. చార్జ్ ఇయ్యి."

అప్పయమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా ఉన్నది సంఘపెద్ద. అయినా డ్యూటీ డ్యూటీయే. కనకం కొడుకు పరీక్ష, అప్పలస్వామి మళ్లీ జారకుండా ఉండడం, ఉషారాణి తల్లి ఆయాసం అని వరసగా అప్పగించి ఆగిపోయింది. ఇంకేమున్నాయని ఆయన అడిగాడు.

"నాలుగోది తవరిదే బాబూ. తవరి కూతురు భానుప్రియమ్మ కోసం. ఇష్టపడ్డోడిని సేసుకుందని ఇంటికి రానివ్వలేదు గదా. తవరు ఆ పిల్లతో మాటాడాలని రెండేళ్ల బట్టీ దినాం అడుగుతన్నాం."

ఆయన మొహం చూడకుండా అప్పయమ్మ చీర ఎగగట్టి నీళ్లలో దిగింది. దారంతా నవ్వాపుకోలేకపోయింది. ఎనిమిదికి రెండు నిమిషాల ముందు హాజరు వేసింది.

మిగతాది ఉషారాణి చెప్పింది. తను తడిసి ముద్దై వచ్చి క్షమించమంటే, ఆయన కళ్లు మూసుకునే చెయ్యి ఎత్తి ఆగమన్నాడట. నాదింకా అవలేదన్నాడట. వెళ్తూ గొడుగు మరిచిపోయాడు. అప్పయమ్మ సాయంత్రం వచ్చి ఆ గొడుగు చూసి, చార్టులో కనకం వేరే వేళకు సర్దుకుని ఖాళీ చేసిన ఆరు గంటల గడిలో గొడుగు బొమ్మ గీసింది.

కబురంది మర్నాడు ఆరు కొట్టేసరికి ఆయన వచ్చాడు. చార్టు చూసి, గార్డుకి గొడుగేటి, పచ్చజెండా వెయ్యమన్నాడు.

"కుదరదు బాబూ. అప్పలస్వామికే మార్సలేదు."

ఆరున్నరకి ఆమెకు చార్జ్ అప్పగిస్తూ మూడూ చెప్పి, గొడుగు అందుకున్నాడు.

"నాలుగోది ఉంచమ్మా. రాత్రి ఫోన్ చేసేను. ఎత్తింది. ఆదివారం వస్తానంది."