కొక్కెం మీద రెండు పూతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుప్పు గోకే పని నాదే. తొలకరికి ముందు బాపు ఇనుప సామానంతా పందిరి కింద కుప్ప పోసేవాడు. నాగలి కర్రు, గుంటక పాస, గొడ్డళ్ళు, కొడవళ్ళు, అన్నీ. చింతపండు నీళ్ళలో నానబెట్టి, ఇటుక ముక్కతో రుద్ది, ఎండలో ఆరనిచ్చి ఆముదం పూయాలి. బావి దగ్గర తడిలో ఉండేవాటికి ఆముదం చాలదని నల్లగొండ నుంచి తెచ్చిన ఎర్ర రంగు వేయించేవాడు. దంచిన ఈత పుల్లే కుంచె. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇంత పనేమిటని అడిగేవాళ్ళు లేరు, నేను అడిగితే వినేవాళ్ళు అంతకన్నా లేరు.

ఆ ఏడు బావి గిలకను దూలానికి వేలాడదీసే ఇనుప కొక్కెం నా చేతికి వచ్చింది. మొండి తుప్పు. రుద్ది రుద్ది విసుగొచ్చి, రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేశాను. పెచ్చులు రాలాయి. వాటి కింద, వంపు దగ్గర, వెంట్రుకంత పగులు కనబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేనే పగలగొట్టాననుకున్నాను. బాపు చేయి చాలా బరువు. ఎవరూ చూడకముందే దాని మీద రంగు పూశాను. గీత ఇంకా తెలుస్తుంటే, ఆరాక మళ్ళీ పూశాను. కొక్కెం కొత్త పెళ్ళికూతురిలా నిగనిగలాడింది. బాపు చూసి మెచ్చుకున్నాడు కూడా.

రెండు రోజుల తరువాత పొద్దున్నే తెలిసింది, ఆ కొక్కేనికే గిలక తగిలించి, పూడిక తీయడానికి చిన్నాయనను బావిలోకి దించుతారని. మా బావికి మెట్లు లేవు. అడుగున బండ. చిన్నాయన అంటే బాపు తమ్ముడు, నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరకు తీసుకెళ్ళే మనిషి. చెబితే బాపు చంపుతాడు, చెప్పకపోతే చిన్నాయన చస్తాడు. ఇంత తేలికైన లెక్క కూడా నాకు తేలలేదు.

బావి గడ్డ మీద చిన్నాయన పంచె ఎగ్గట్టి నడుముకు మోకు కట్టుకుంటున్నాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కొక్కెం ఇంకా నేల మీదే ఉంది. నేను దాన్ని తప్ప మరేమీ చూడటం లేదు. పక్కింటి కమ్మరి అవ్వ నన్ను చూస్తోంది. పెనిమిటి పోయాక కూడా కొలిమి తిత్తి లాగుతూ కొడుక్కు పని నేర్పిన మనిషి ఆమె. ఇనుము సంగతి ఆమెకు తెలిసినంత మా ఊళ్ళో మగవాళ్ళకు తెలియదు. మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది.

"అన్నిటికీ ఒక్క పూతనే పూసినవు. గీ కొక్కేనికి రెండెందుకే బిడ్డా?" అని నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

నేను కొక్కెం మీంచి చూపు తిప్పేసుకున్నాను. ఆమె బాపును కేకేసి, "జర ఆగు కొడుకా, రంగు పచ్చిగున్నది," అంది. అబద్ధమే, అది ఎప్పుడో ఆరిపోయింది. తరువాత పూడిక తీయడానికి తెచ్చిన పారను తాడుతో వేలాడదీసి, నా చేతికి గులకరాయి ఇచ్చింది. కొట్టాను. గంటలా మోగింది. కొక్కేన్నీ అట్లాగే వేలాడదీసింది. కొట్టాను. ఓటికుండ మీద కొట్టినట్టు చప్పుడైంది.

"ఇగ నువ్వే చెప్పు," అంది అవ్వ.

చెప్పాను. ఎట్లా చెప్పానో గుర్తులేదు, బాపు చేతిలోని తాడు జారి కింద పడటం మాత్రం గుర్తుంది. ఆయన నా వైపు రెండడుగులు వేశాడు. అవ్వ లేచి అడ్డం నిలబడి, ఆయన చేతిలో కొక్కెం పెట్టింది. "కొట్టుడే అయితే దీన్ని కొట్టు," అంది.

బాపు దాన్ని బావి ఒడ్డున ఉన్న బండకేసి కొట్టాడు. ఒక్క దెబ్బకే రెండయింది. విరిగిన చోట లోపలంతా తుప్పే. ఒక అంచున మాత్రం గోరంత తెల్లగా మెరుస్తోంది.

"గా తెల్లటిదే ఇప్పుడిరిగింది. మిగిలిందంత ఏండ్ల కిందనే పగిలి చిలుము పట్టింది," అని అవ్వ అందరికీ చూపించింది. తరువాత నా వైపు తిరిగింది. "పగులు నీది గాదు బిడ్డా. రంగు మాత్రం నీదే."

చిన్నమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. బాపు నన్ను కొట్టలేదు. చిన్నాయన నడుముకు ఉన్న మోకు విప్పకుండానే వచ్చి నా నెత్తి మీద చేయి పెట్టాడు. బండలెత్తే చేయి, వణుకుతోంది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. అవ్వ మాటను మా పిల్లలకు చాలాసార్లు చెప్పాను, వాళ్ళు విన్నారో లేదో తెలియదు. నా మట్టుకు నాకు, ఏదైనా కప్పిపుచ్చబోయినప్పుడల్లా ఆ చేయి నెత్తి మీద వణుకుతుంది. భయం అప్పటిలాగే వేస్తుంది. అయినా చెప్పేస్తాను.