కంచె దగ్గర పుట్టే వాగు

నా పని మ్యాపులు గీయడం. ఆఫీసు హామిల్టన్‌లో. చుట్టుపక్కల పాడి ఫారాలకెళ్ళి ఎక్కడ గట్టుంది, ఎక్కడ వాగుంది కొలిచి గీస్తాను. నేను వాగని గీస్తే, ఇక్కడి చట్టం ప్రకారం ఆవులు దిగకుండా రైతు దాని పొడవునా కంచె వేయించాలి. తవ్వుకున్న కాలువైతే ఆ బాధ లేదు.

ఒక పెద్ద ఫారంలో నేను కొలిచింది వాగే. గమ్‌బూట్లేసుకుని స్వయంగా దిగాను. ఇన్ని వంకర్లు తిప్పి కాలువ ఎవడు తవ్వుతాడండీ? కానీ ఆ ఫారం వాళ్ళు మాకు పెద్ద క్లయింట్లు. మా బాస్ నా ఫైలు తెరిచి వాగుని కాలువగా మార్చేశాడు. "ఏమనుకోకు, ఇది మామూలే" అని నవ్వాడు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరెత్తలేదు.

ఎత్తడానికేముంది? నా వర్క్ వీసా ఆ కంపెనీతోనే ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే మా ఆయన వీసా, పాప స్కూలు, అన్నీ దాంతోపాటే పోతాయి. ఇక్కడే స్థిరంగా ఉండనిచ్చే రెసిడెన్సీ కోసం ఎదురుచూస్తున్నాం. "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు, నీ సొమ్మేం పోయింది" అన్నారు మా ఆయన. రోజూ కారెక్కి ఆ ఆఫీసుకే వెళ్ళాలి, ఆ మనిషికే గుడ్‌మార్నింగ్ చెప్పాలి.

ఆ వాగుకి దిగువనున్న ఫారం మ్యాపూ మా ఆఫీసు నుంచే వెళ్ళింది. అందులో మాత్రం అవే నీళ్ళు వాగుగానే ఉన్నాయి. ఆ ఫారాన్ని ఒక ముసలావిడ ఒక్కతే చూసుకుంటుంది. ఫోన్ చేసింది.

"మ్యాపులో నా వాగు సరిగ్గా మా రెండు ఫారాల మధ్య కంచె దగ్గర పుడుతోంది. పైవాళ్ళు కంచె వేయక్కర్లేదట, నేను మాత్రం వేయాలట. నువ్వు పైన నీళ్ళలో నిలబడి కొలవడం నేను చూశానమ్మా. అది వాగా, కాలువా?"

బాస్ ఎదురు టేబుల్ దగ్గర టీ తాగుతున్నాడు.

"వాగే" అన్నాను.

"అదే ముక్క ఈమెయిల్లో రాసి పంపగలవా?"

నోటిమాటైతే రేపు అనలేదని బుకాయించొచ్చు. రాసిస్తే ఇక అంతే సంగతులు. ఫోన్ పెట్టేసి కీబోర్డు మీద చేతులుంచుకుని కూర్చున్నాను. చచ్చేంత భయమేసింది. కానీ అది వాగు. రెండు లైన్లు రాసి, కింద నా పేరు పెట్టి పంపేశాను.

కార్లో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. తిడతారనుకున్నాను. వెనక పాప గొంతు వినిపిస్తోంది, తన బర్త్‌డేకి ఎవరెవర్ని పిలవాలో ఫ్రెండుకి ఇంగ్లీషులో చెబుతోంది.

"ఇంటికి రా" అన్నారు. "పాపకి మాత్రం ఇప్పుడే ఏం చెప్పకు."